మామయ్య గొంతు, అత్తయ్య చదువు

పోయిన నెలలో కళ్ళజోడు నంబరు మార్పించుకుందామని శంషాబాద్‌లో మా వీధి చివరి కంటి ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ మా అమ్మాయి కన్నా నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. గడ్డం మిషను మీద ఆనించమని, కంట్లోకి ఫుస్సుమని గాలి కొట్టించి, కాగితం వంక కాసేపు చూసి, కంటిలో ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉందండీ అంది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు మెల్లమెల్లగా పోయే జబ్బును నీటికాసులంటారు. అది మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగింది. మా మేనమామకు ఉండేదన్నాను. "ఎప్పుడు తెలిసింది?" అంది, కలం కాగితం మీద ఆనించి. ఆ ప్రశ్నకు చిన్న జవాబు లేదు. ఆయనకు ఒకప్పుడు తెలిసింది, మా అత్తయ్యకు ఆ తర్వాత కొన్నాళ్ళకు, నాకు ఒక శనివారం సాయంత్రం, మా చర్చి సంఘం మొత్తానికి ఒక ఆదివారం పొద్దున ఆరాధన మధ్యలో. వీటిలో ఏదని రాసుకుంటుంది ఆ పిల్ల? చాలా ఆలస్యంగా అన్నాను. రాసుకుంది. కంట్లో చుక్కల మందు వేసి నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ మందు వేశాక గంటసేపు అక్షరం కనబడదు. చదవడానికేమీ లేనప్పుడు మనిషి గుర్తుచేసుకుంటూ కూర్చోవడం తప్ప చేసేదేముంది?

మామయ్య గుంటూరు దగ్గరి పల్లెటూరివాడు. మూడు తరాలుగా మాది లూథరన్ కుటుంబం. ఇరవై రెండేళ్ళ వయసులో గగన్‌పహాడ్‌లో ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనికి కుదిరాడు. మా వైపు వాళ్ళు కొత్త ఊళ్ళో దిగితే మొదట అడిగేది మంచినీళ్ళ గురించి, రెండోది గుడి గురించి. గుడి అంటే మా ఇళ్ళలో చర్చి. నీళ్ళు దొరికాయి గాని, గుడికి మాత్రం రెండు బస్సులు మారాలి, ఆదివారాల్లో ఆ రెండో బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మూడు నెలలు తిరిగాక, ఒక ఆదివారం తన కిరాయి గదిలో మంచం ఎత్తి గోడకానించి, చాప పరిచి, ఫ్యాక్టరీలో పనిచేసే మా జిల్లాల వాళ్ళను పిలిచాడు. మొదటి ఆరాధనకు ఏడుగురు వచ్చారని చెప్పేవాడు. ఆ ఏడో మనిషి ఇంటి యజమాని. గుమ్మం ముందు ఇన్ని చెప్పులెందుకు పోగుపడ్డాయో చూడ్డానికి వచ్చి, కూర్చోమంటే మొహమాటానికి కూర్చున్నాడు. పాస్టరు అయ్యగారు సిటీ నుంచి నెలకొక్కసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు మామయ్యే పాఠాలు చదివేవాడు. ఏ ఆదివారం లేఖనాల్లో ఏ భాగం చదవాలో మా ఆరాధనలో ముందే నిర్ణయమై ఉంటుంది, వాటినే పాఠాలంటాం. మామయ్యకు పాట రాదు, ప్రసంగం రాదు, చదవడం వచ్చు. ఇనుపకడ్డీని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కే మనిషి, మాటను కూడా అట్లాగే పలికేవాడు. తర్వాత సంఘం పెరిగి శంషాబాద్‌లో రేకుల షెడ్డు వేసుకున్నాం, అయ్యగారు వారం వారం రావడం మొదలుపెట్టారు. అయినా పాఠం మాత్రం మామయ్యదే. పాతికేళ్ళలో ఆయన చదవని ఆదివారాలు రెండో మూడో ఉంటాయి, అవి కూడా టైఫాయిడ్ వచ్చినప్పుడు.

అత్తయ్యది శంషాబాద్ పక్క పల్లె. వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పాలు తెచ్చేది, మామయ్య కొనేవాడు. ఒంటరిగా ఉండేవాడు, టీ పెట్టుకోవడం కూడా రానివాడు, రోజూ లీటరు పాలు ఏం చేసుకుంటున్నాడని ఆమెకు అనుమానం వచ్చిందట. పెళ్ళి రెండు వైపులా ఎవరికీ నచ్చలేదు. అత్తయ్య అన్న మూడేళ్ళు ఆమె ముఖం చూడలేదు. నాలుగో ఏడు కోత పండుగ ఆదివారం, అంటే పంటలో మొదటి భాగం తెచ్చి దేవుని ముందు పెట్టే రోజున, ఒక జొన్నల బస్తా భుజాన వేసుకొచ్చి షెడ్డు గుమ్మంలో దించి, "మా చెల్లె పేరు మీద" అని మాత్రం చెప్పి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏటేటా తెచ్చాడు.

పెళ్ళినాటికి అత్తయ్యకు అక్షరం రాదు. బాప్తిస్మానికి ముందు నేర్చుకోవలసినవి కొన్ని ఉంటాయి. నోటితో అప్పజెబితే సరిపోయేది గాని ఆమె ఒప్పుకోలేదు. నువ్వు చూసి చదువుతుంటే నేను విని చెప్పుడేంది, నాకూ చూసుడు నేర్పు అందట. పాత క్యాలెండరు కాగితాల వెనక మామయ్య దిద్దించాడు. ఆమె మొదట చదివిన పుస్తకం, చాలా ఏళ్ళ వరకు చదివిన ఒకే ఒక్క పుస్తకం, గుడిలో చదివే ఆ పెద్ద గ్రంథమే. అక్షరాలైతే నేర్చుకుంది గాని పలుకు మార్చుకోలేదు. శాంతి ఆమె నోట్లో సాంతి అయ్యేది, చదువు సదువయ్యేది. సెలవులకు గుంటూరు వచ్చినప్పుడు మా అమ్మా పిన్నులూ ఆమెను పనిగట్టుకుని మాట్లాడించి వంటింట్లోకి వెళ్ళి నవ్వుకునేవారు. నేనూ నవ్వాను. ఇప్పుడు దాచడమెందుకు?

అట్లా నవ్వినదాన్నే, శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు ఉద్యోగం దొరికితే వాళ్ళింట్లోనే దిగాను. అప్పటికి విమానాశ్రయం మాట ఎవరి నోటా లేదు. ఊరంటే హైవేకి అటూ ఇటూ కొన్ని వీధులు, వాటి వెనక జొన్న చేలు. మామయ్య ఫ్యాక్టరీ మూతపడి ఇంటి పట్టున ఉండేవాడు. వాళ్ళకు పిల్లల్లేరు. అత్తయ్య కొత్తూరు దగ్గర ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి కంపెనీ బస్సులో వెళ్ళొచ్చేది. ఆమె సాయంత్రం గడపలోకి అడుగుపెడితే ఇల్లంతా వెన్నా చక్కెరా వాసన వేసేది. ఆ వాసనతో మొహం మొత్తిందేమో, బిస్కెట్టు మాత్రం నోట పెట్టేది కాదు. శనివారం పొద్దుగూకే ముందు వెళ్ళి గుడి ఊడ్చి, బలిపీఠం మీద తెల్లగుడ్డ మార్చి, గ్రంథంలో మర్నాటి పాఠం దగ్గర ఎర్ర రిబ్బను పెట్టి వచ్చేది. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు, ఎవరూ వద్దనలేదు కూడా.

నేను చేరిన రెండో నెలలో ఒక శనివారం బడి తొందరగా వదిలారు. ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి మాటలు వినబడుతున్నాయి. అత్తయ్య ఒక వాక్యం చదువుతోంది, మామయ్య అదే వాక్యం తిరిగి చెబుతున్నాడు. ఆమె పలుకు దిద్దుతున్నాడేమో అనుకున్నాను. కాసేపు గుమ్మంలో నిలబడ్డాక అర్థమైంది, పాఠం నేర్చుకుంటున్నది ఆయన. ఆమె సాంతి అంటే ఆయన శాంతి అని అందుకుంటున్నాడు. ఒకచోట మాట జారిపోతే ఆమె ఆపి, "గట్ల కాదు, మళ్ల చెప్పు" అంది. ఆయన బుద్ధిగా మళ్ళీ చెప్పాడు. చెబుతూ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కత్తి దించే ముందు ప్రతిసారీ ఎడమచేతి వేలితో ఉల్లిపాయ అంచు తడిమి చూసుకుంటున్నాడు. అప్పుడు గాని నాకు తెలియలేదు.

అత్తయ్య నన్ను చూసి, ఇగ దాచి లాభం లేదన్నట్టు కూర్చోమంది. మామయ్యే చెప్పాడు. పక్కల నుంచి చీకటి మొదలైందట, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉందట, ఏడాదిగా ఆ గొట్టం కూడా మసకబారి అక్షరాలు కనబడడం లేదట. నేను ఉత్సాహంగా, తెలుగు టీచర్ని కదా, ఇక నుంచి నేను చదివి వినిపిస్తాను, తప్పులుండవు అన్నాను. అత్తయ్య పొయ్యి వైపు తిరిగింది. "వద్దమ్మాయ్," అన్నాడు మామయ్య. "ఆవిడ చదివితేనే నాకు నిలుస్తుంది."

ఆ తర్వాత నుంచి వాళ్ళ ఏర్పాట్లన్నీ నా కంట పడసాగాయి. గుడిలో బెంచీ నుంచి చదివే బల్ల దాకా తొమ్మిది అడుగులు, ఒక మెట్టు. రిబ్బను వేలికి తగిలితే అక్కడ తెరవడం, చూపుడు వేలు పేజీ మీద జరుపుతూ పోవడం. ఒకసారి కంఠస్థం వచ్చిన ఊపులో, పేజీ తిప్పాల్సిన అవసరం లేనిచోట ఠీవిగా తిప్పేశాడు. ఎవరూ గమనించలేదు. దారిలో అత్తయ్య ఆయనకు అర అడుగు ముందు నడిచేది. చెయ్యి పట్టుకునేది కాదు. ఈడ గుంత ఇంకా పూడ్వలే సూడు, ఈ రాయి తీసేటోడే లేడా అని దారిని తిడుతూ నడిచేది. ఆ తిట్లు విని ఆయన కాలు జరుపుకునేవాడు. పంచాయతీ వాళ్ళు ఎదురుపడితే ఈమె ఫిర్యాదులు పడలేక పక్క సందులోకి తప్పుకునేవారు.

ఆసుపత్రికి వెళ్దామని నేను రెండుసార్లు అడిగాను. దగ్గర్లోని కంటి ఆసుపత్రిలో ఇద్దరు నర్సులు మా సంఘం వాళ్ళే. వెళ్తే ఆదివారానికల్లా అందరికీ తెలుస్తుంది, తెలిస్తే మర్యాదగా లేపి పక్కన కూర్చోబెడతారు అన్నది మామయ్య భయం. అద్దాల నంబరు మారింది, అంతే అని తనకు తాను చెప్పుకునేవాడు. అత్తయ్య మూడోసారి, నాలుగోసారి, పదోసారి అడిగింది. నేను మాత్రం రెండుసార్లతో ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, పెద్దవాళ్ళ రహస్యంలో నన్నూ చేర్చుకున్నారని లోపల కాస్త గర్వంగా ఉండేది. ఆ గర్వం ఖరీదు ఎంతో అప్పటికి తెలియదు.

మూడేళ్ళ తర్వాత రేకుల షెడ్డు తీసేసి స్లాబు వేసిన గుడి కట్టుకున్నాం. ప్రతిష్ఠకు బిషప్పుగారు వచ్చారు, గుంటూరు నుంచి మా అమ్మతో సహా చుట్టాలు వచ్చారు. పాఠం ఏమిటో అచ్చు కాగితంలో ముందే ఉంది. మూడు శనివారాలు వంటింట్లో దాన్ని అరగదీశారు. ఆ పొద్దున కాఫీ తాగుతూ బిషప్పుగారు, ప్రతిష్ఠకు మరో అధ్యాయం బాగుంటుందన్నారట. అయ్యగారికి ఏం తెలుసు, సరేనన్నారు. కీర్తన అయిపోయి మామయ్య లేచి నడవడం మొదలుపెట్టాక, పాఠంలో చిన్న మార్పు ఉందని ప్రకటించి కొత్త అధ్యాయం పేరు చెప్పారు. మామయ్య ఆగలేదు. అడుగులు పూర్తిచేసి, మెట్టెక్కి, గ్రంథం తెరిచి నిలబడ్డాడు. రిబ్బను ఉన్న చోటు ఆ రోజు పనికిరాదని మా ముగ్గురికే తెలుసు. నేర్చుకున్న పాఠమే చెప్పేసి ఉండొచ్చు. సగం మంది గమనించేవారు కాదు, మిగతా సగం పొరపాటనుకునేవారు. ఎందుకు చెప్పలేదని చాలా రోజుల తర్వాత అడిగాను. చెప్పమన్న వాక్యం వదిలేసి నా పరువు చదివినట్టయ్యేది అన్నాడు.

ఎవరో దగ్గారు. నా పక్కన కూర్చున్న అత్తయ్య కొంగు భుజం చుట్టూ లాక్కుని లేచింది. ఆడవాళ్ళ వైపు నుంచి ముందుకు నడిచి, ఆయన పక్కన మెట్టెక్కి, నాలుగు పేజీల కట్టలు తిప్పి చోటు పట్టుకుంది. మా గుడిలో అప్పటిదాకా ఆరాధన వేళ ఏ ఆడమనిషీ ఆ బల్ల దగ్గర నిలబడలేదు. ఆమె ఆయన చెవి దగ్గర గొణిగినట్టు ఒక వాక్యం చదివింది. ఆయన పైకి చెప్పాడు. రెండో వాక్యం చదివింది, చెప్పాడు. మూడోది చదివాక ఆయన చెప్పలేదు. తల ఎత్తి, ఎవరున్నారో కనబడని మా అందరి వైపూ తిరిగి, మామూలు గొంతుతో అన్నాడు: "నాకు కళ్ళు కనబడవు. నాలుగేళ్ళయింది. ఈమె చదివి వినిపిస్తే నేర్చుకుని మీకు అప్పజెబుతున్నాను. ఇవాళ్టి పాఠం ఈమే చదువుతుంది." అని అర అడుగు పక్కకు జరిగాడు.

ఆమె చదివింది. అది పాడుబడిన పట్టణపు గోడను మళ్ళీ కట్టినవాళ్ళ పేర్లు వరసగా ఉండే అధ్యాయం. ఎవరు ఏ గుమ్మం నిలబెట్టారు, ఎవరు తమ ఇంటి ఎదురుగా ఉన్న భాగం బాగుచేశారు, అంతా పేర్లే. తెలుగు టీచర్లకే నాలుక తిరగని పేర్లు. ఆమె శలు సలయ్యాయి, ఒత్తులు కొన్ని రాలిపోయాయి. ఒక పొడుగాటి పేరు దగ్గర ఆగిపోతే, పక్కనుంచి మామయ్య పాత జ్ఞాపకంతో మెల్లగా అందించాడు. ఆమె దాన్ని తన పలుకులో చెప్పి ముందుకు పోయింది. మరో పేరు, మళ్ళీ ఆయన అందించాడు. నా పక్కన మా అమ్మ తలవంచుకుని కూర్చుంది. నవ్వడం లేదు. పాఠం అయ్యాక ఇద్దరూ దిగి వచ్చారు. ఈసారి ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

భోజనాల దగ్గర బిషప్పుగారు అత్తయ్యను మీదే ఊరమ్మా అని అడిగారు. పక్క ఊరేనంది. పులావు బాగుందన్నారు. కొందరు మామయ్య భుజం తట్టి వెళ్ళారు. ఇంటికి నడుస్తున్నప్పుడు మామయ్యే, "చెప్పేశానే" అన్నాడు. "చెప్పినవ్, అయిపాయె," అంది అత్తయ్య. "ఇగ రేపు పొద్దుగాల దవాఖానకు పోదాం."

వెళ్ళాం. డాక్టరు చాలాసేపు చూసి, పోయిన చూపు తిరిగి రాదన్నాడు. చుక్కలు వేస్తే మిగిలిన కాస్త వెలుగు నిలబడొచ్చన్నాడు. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే కనీసం ఒక కన్ను దక్కేదన్నాడు. అత్తయ్య మామయ్యను ఒక్క మాట అనలేదు. ఆయనే ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, నేను గుడికి కాదు, బల్లకు అంటుకుపోయాను అన్నాడు. రెండుసార్లు అడిగి ఊరుకున్నదాన్ని నేను.

ఆ వారమే సంఘ పెద్దల సమావేశం జరిగింది. పెద్దల్లో ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు, గుంటూరు జిల్లావారే. ఆడవాళ్ళు చదవకూడదని నియమమేమీ లేదని ఒప్పుకుంటూనే, వాక్యం చదివే చోట భాష శుభ్రంగా ఉండాలి కదా అన్నారట. అక్కడున్నవాళ్ళలో సగం మందికి అదే అభిప్రాయం. మామయ్య కూడా పెద్దల్లో ఒకడు. తన పదవి వదులుకుంటానని చెప్పడానికి వెళ్ళినవాడు, ఆ మాట చెప్పడం మానేసి ఇంకో మాట అన్నాడని అయ్యగారే తర్వాత నాతో చెప్పారు. "నాలుగేళ్ళుగా మీరు వింటున్నది ఆమె చదివిందే. నా గొంతుతో విన్నారు, అంతే. అందులో ఏమన్నా తప్పు దొరికిందా?" ఎవరికీ దొరకలేదు. మరుసటి ఆదివారం పాఠం అత్తయ్య చదివింది. బల్ల దగ్గరికి వెళ్ళే ముందు హెడ్మాస్టరుగారి దగ్గర ఆగి, "తప్పుంటే చెప్పు సారూ, దిద్దుకుంట. సదువుడైతే ఆపను" అంది. ఆయన కోపం వచ్చి బుద్వేల్‌లో వేరే గుడికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆరు నెలలు వెళ్ళారు. అక్కడ బస్సు దిగి ఎక్కే మెట్లు మోకాళ్ళకు పడడం లేదని తిరిగొచ్చారు. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. శ, ష, స మూడింటికీ తేడా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. అత్తయ్య దాన్ని బియ్యం డబ్బా మూతకు అంటించుకుంది. ఎంత ప్రయత్నించినా రెండే కుదిరాయి.

మామయ్య ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికాడు. చూపు పూర్తిగా పోయాక, పిల్లలకు నేర్పవలసినవన్నీ నోటితోనే నేర్పాడు. ఇప్పుడు సంఘంలో ముప్పై దాటినవాళ్ళలో చాలామంది ఆయన మంచం పక్కన కూర్చుని అప్పజెప్పినవాళ్ళే. విమానాశ్రయానికి భూములు తీసుకున్నప్పుడు అత్తయ్య అన్న చేను కూడా పోయింది. ఆ ఏడు కోత పండుగకు ఆయన రాడనుకున్నాం. బజారులో కొన్న జొన్నలు తెచ్చాడు. మొదటిసారి లోపలికొచ్చి చివరి బెంచీలో, తలపాగా ఒళ్ళో పెట్టుకుని, చెల్లెలు చదువుతుంటే విని వెళ్ళాడు. ఏమనిపించిందని అడిగితే, మా ఇంట్ల మాట్లాడినట్టే ఉంది అన్నాడు. మామయ్య పోయినప్పుడు సమాధి దగ్గర పాఠం ఎవరు చదవాలని అయ్యగారు మొహమాటపడుతుంటే, అత్తయ్య అప్పటికే గ్రంథం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. గొంతు ఒక్కచోట ఆగింది. అందించేవాళ్ళు లేరు. కాసేపటికి తనే అందుకుంది.

ఆమె ఇప్పటికీ నెలలో రెండు ఆదివారాలు చదువుతుంది. మొన్న సంఘం పుస్తకాలు సర్దుతుంటే ఆమె బాప్తిస్మం రాసిన పేజీ కంటబడింది, అందులో పుట్టిన ఏడు ఉంది. వేళ్ళ మీద లెక్కవేసి, తప్పేమోనని మళ్ళీ వేశాను. ప్రతిష్ఠ రోజున అత్తయ్య వయసు నలభై ఐదు. నాకు ఆనాడు ఆమె జీవితమంతా గడిపేసిన పెద్దావిడలా కనిపించింది. నాకిప్పుడు యాభై ఒకటి. ఆ ఆదివారం నా పక్కనుంచి లేచి నడిచిన మనిషి కన్నా నేను ఆరేళ్ళు పెద్దదాన్ని.